డాఫ్నీ స్వెట్టర్‌లో మనిషి

నోరీన్ పెంగెల్లి ఫోటోను కిటికీ వెలుతురుకేసి పట్టుకుని, "నువ్వు రాల్ఫ్‌వి కదూ, దొరికావులే" అంది. ఫోటోలో మనిషికి మొహమే లేదు. కళ్ళకి నల్లద్దాలు, చెవుల దాకా టోపీ, మిగతాదంతా మంచు. అయితేనేం, ఆ ఆకుపచ్చ చారల స్వెట్టర్ రాల్ఫ్ తల్లి అల్లింది. ఈ కొండమీద అలాంటిది ఇంకోటి లేదు. వెనక పెన్సిల్‌తో పేరు రాసి, ఫోటోను పల్చటి కవర్లోకి జార్చి పెట్టెలో నిలబెట్టింది.

మౌంట్ డోరన్‌కి మంచు మీద జారడానికి జనం రావడం మొదలైనప్పటినుంచీ పోగుపడ్డ ఫోటోలు, పోస్టర్లు, పాత టికెట్లు, పందేల్లో గెలిచిన కప్పులు, విరిగిన చెక్క స్కీలు అన్నీ ఈ రేకుల షెడ్డులోనే ఉన్నాయి. ఒకప్పుడు ఇది బూట్లూ స్కీలూ అద్దెకిచ్చే కొట్టు. నోరీన్ నలభై ఏళ్ళు ఇక్కడే మోకాళ్ళమీద కూర్చుని వచ్చినవాళ్ళందరి కాళ్ళకీ బూట్లు బిగించింది. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు. కుడి బొటనవేలి గోరు బూటు పట్టీల కింద నలిగి నలిగి చదునైపోయింది. కొట్టు మూసేశాక ఈ పాత సామానంతా చూసిపెట్టమని స్కీ క్లబ్బువాళ్ళు అడిగితే, "దీనికి మోకాళ్ళతో పని లేదుగా" అని ఒప్పుకుంది.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కన్నుమూసిన పాత క్లబ్బు సభ్యుల ఇళ్ళనుంచి కొత్త అట్టపెట్టె వచ్చినప్పుడల్లా ఆమె ముందు తనకోసమే వెతుక్కునేది. కొండంతా ఎండలో నవ్వుతూ ఫోటోలు దిగే వేళకి తను తల వంచుకుని ఎవరి కాళ్ళ దగ్గరో ఉండేది. ఇన్ని వేల ఫోటోల్లో తనది ఒక్కటంటే ఒక్కటి లేదు. అది ఆమెకి బాధగానే ఉండేది. ఇవాళ చూస్తున్నది ఆఖరి అట్టపెట్టె. ఈ పూట వ్యాను వచ్చి సామానంతా కింది ఊరి లైబ్రరీకి తీసుకుపోతుంది. రేపట్నుంచి షెడ్డు పడగొడతారు. నోరీన్ కూడా అదే వ్యానులో దిగి, సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతుంది.

"ముసలమ్మా, బతికే ఉన్నావా?"

వ్యాను తెచ్చింది క్లెమ్. ఒకప్పుడు జనాన్ని కొండపైకి లాగే తాడు యంత్రం నడిపినవాడు. చేతిలో మాంసం కూరి కాల్చిన రెండు పైల పొట్లం, నెత్తిమీద వర్షం.

"నీకంటే ఒక పూట ఎక్కువే బతుకుతాలే. కాళ్ళు తుడుచుకుని తగలడు."

ఇద్దరూ వానలో తడుస్తూనే పెట్టెలు వ్యాన్లోకి చేర్చారు. తిరిగొచ్చి నోరీన్ తడిసిన కోటు కొక్కేనికి తగిలించి, ఆఖరి అట్టపెట్టెలో మిగిలిన ఫోటోలు ఒక్కొక్కటే తిప్పింది. అడుగు కనబడింది. అంతే. ఇంక వెతకడానికి ఏమీ లేదు. ఆమె ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి మూలలు కూడా తడిమింది.

"ఏం పోయింది?" అన్నాడు క్లెమ్ పొట్లంలోది నములుతూ.

"ఏం పోలేదు. ఆ గోడమీద పటం దించు. లైబ్రరీలో ముందు దాన్నే పెట్టమన్నాను."

ఆ పటమంటే ఆమెకి ప్రాణం. పెద్దది చేయించి అద్దం వేయించింది. మంచులో మోకరిల్లి ఎవరో పిల్లకి బూటు బిగిస్తున్న ఒకామె, వంగిన తల, గుండెలమీద మూడుకాళ్ళ జింక ఉన్న ఎర్ర స్వెట్టర్. జింకకి నాలుగో కాలు అల్లడం మరిచిపోయింది డాఫ్నీ, డాక్టరుగారి భార్య.

"డాఫ్నీని చూడు, ఎంత మంచిదో! డాక్టరు పెళ్ళాం అయ్యుండి, ఎవరి పిల్లకో అలా..."

క్లెమ్‌కి పొలమారింది. దగ్గీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "డాఫ్నీయా? ఆవిడ జన్మలో వంగిందా? ఆవిడ బూట్లు కూడా నువ్వే కట్టేదానివి కదే!"

"స్వెట్టర్ ఆవిడదేరా మొద్దూ. మూడుకాళ్ళ జింక."

"స్వెట్టర్ ఆవిడదే. లోపలున్నది ఎవరు? బట్టలారేసే గదిలో ఎవరిది వాళ్ళు వేసుకున్న రోజుందా మన కొండమీద? ముందు లేచినవాడికి ఆరింది, ఆఖర్న లేచినవాడికి తడిది. నేను ఒక శీతాకాలమంతా పాస్టరుగారి పాంట్లో తిరిగాను!"

"నేనెప్పుడూ ఎవరివీ వేసుకోలేదు" అంది నోరీన్ మొండిగా. భూతద్దం తీసుకోవడానికి చేతికున్న నూలు గ్లవ్‌ని పళ్ళతో లాగి పటం మీదికి వంగింది. అద్దంలో ఎర్ర స్వెట్టర్ పెద్దదైంది, వంగిన గడ్డం దగ్గరికొచ్చింది. ఆ గడ్డం మీదుగా, పళ్ళమధ్యనుంచి, ఒక గ్లవ్ వేలాడుతోంది.

నోరీన్ ఏదో అనబోయింది. నోట్లో గ్లవ్ ఉండడంతో మాట రాలేదు.

"ఆ నోట్లోది తియ్యి ముందు" అన్నాడు క్లెమ్ మెల్లగా. "కొట్టు బయట మంచులో ఎవరి బూటు కట్టినా అలాగే పట్టుకునేదానివి. పైన తాడు దగ్గర నిలబడి ఎన్నేళ్ళు చూశాను!"

ఆమె కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ డాఫ్నీ మంచితనం గురించి ఉపన్యాసాలిచ్చింది తనే. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వాటిని ఆపాలని కూడా అనిపించలేదు, అంత సంతోషంగా ఉంది. అంతలోనే ఉలిక్కిపడింది.

"ఒరే క్లెమ్! అయితే నేను రాసిన పేర్లన్నీ?"

"సగం తప్పే అయ్యుంటాయి."

"రాల్ఫ్?"

"ఎవడో!"

వ్యాను నిండిపోయింది, అవన్నీ మళ్ళీ విప్పే ఓపిక ఇద్దరికీ లేదు. నోరీన్ ఆలోచించి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'పేర్లు స్వెట్టర్లవి. లోపలున్న మనుషులు వేరే కావచ్చు. క్షమించండి.' దాన్ని అన్నిటికంటే పైనున్న పెట్టెకి అంటించింది. తర్వాత పటం తిప్పి, వెనకున్న పేరు రబ్బరుతో చెరిపి, నెమ్మదిగా 'నోరీన్ పెంగెల్లి' అని రాసింది. పటాన్ని ఒళ్ళో పెట్టుకునే వస్తానంది.

బయట వాన ఇంకా పడుతూనే ఉంది. తలుపు పక్క కొక్కేలకి, షెడ్డు పడగొట్టే పనివాళ్ళు రేపటికోసం ముందే తెచ్చి వదిలిన కోట్లు వేలాడుతున్నాయి. నోరీన్ ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఆరినదాన్ని తొడుక్కుంది. పసుపురంగుది, మోకాళ్ళు దాటింది.

"అది ఎవడిదో!" అన్నాడు క్లెమ్.

"నేను ముందు లేచాను. నడు."

వ్యాను మలుపు తిరిగింది. దారి పక్కన వానకి తడిసిన యూకలిప్టస్ మానులు ఎర్రగా మెరుస్తున్నాయి. ఒళ్ళో పటంతో నోరీన్ వెనక్కి తిరిగి చూడలేదు. క్లెమ్‌ని ఏడిపించడంలో పడిపోయింది.

షెడ్డులో, తలుపు పక్క కొక్కేనికి, కాలరు లోపల ఎర్రదారంతో ఆమె పేరు కుట్టి ఉన్న నీలం కోటు బొట్టు బొట్టుగా నీళ్ళు కారుస్తూ వేలాడుతోంది.