బదులు పలికే కేక

సింధుశ్రీకి బడిలో ఒక ఇంగ్లీషు మాట ఇచ్చారు: హుజ్జా. పొద్దున ప్రేయర్‌లో నిలబడి దాని సంగతి చెప్పాలి. నలుగురి ముందుకొస్తే ఆ పిల్ల నోరు పెగలదు. పోయినసారి ఏడుస్తూ దిగివచ్చింది. ఈసారీ అంతే అయితే ఇక ఎన్నటికీ నోరు తెరవదేమోనని తల్లి గంగాదేవి దిగులు. ఏడో తరగతితో బడి మానేసిన తను ఏం నేర్పగలదు?

"పాతకాలం కేకమ్మా అది. ఓడల్లో తాళ్లు లాగేటోళ్లు అరిచేవాళ్లంట. తర్వాత సంబరానికి అరిచే మాటయిందంట. యాడ పుట్టిందో గట్టిగా ఎవురికీ తెలీదంట," అని సింధుశ్రీ అమ్మకు చెప్పింది.

గంగాదేవి మామ కదిరప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు.

"తాళ్లు లాగే కేకా? అయితే మన ఐలేసాకి చుట్టమే. రా పాపా!"

పొలం సోలార్ కంపెనీకి ఇచ్చినప్పటినుంచి వాకిట్లో ఊరకే పడివున్న కంకులు నూర్చే కళ్లం రాతిగుండుకు తాడు కట్టాడు.

"నువ్వు కేకెయ్యి, మేము బదులు పలుకుతాం. బదులు వచ్చినాకే గుండు కదలాల. అంతవరకు నువ్వు ఆగాల."

"హుజ్జా!"

"హైసా!" అని మామా కోడలూ లాగారు. గుండు దొర్లింది. పిల్ల గొంతు పెరుగుతూ పోయింది.

"ఏంది గంగా, గుండును జాతరకు తోలుకపోతాండారా?" అని ఎదురింటి సుబ్బక్క నవ్వింది.

మర్నాడు సోలార్ ప్లేట్ల కింద గడ్డి కోసే పనికి పోతూ గంగాదేవి బడి గోడ దగ్గర ఆగింది. సింధుశ్రీ మెట్టెక్కి గట్టిగా అరిచింది.

"హుజ్జా!"

అరిచి, ఆగిపోయింది. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. "చెప్పమ్మా, తర్వాత?" అన్నారు మేడమ్. పిల్ల చెవులు రిక్కించింది.

బదులు కోసం చూస్తోంది! గంగాదేవి చేతిలోంచి కొడవలి జారింది.

"హైసా!"

తలలన్నీ గోడవైపు తిరిగాయి. సిగ్గుతో ఆమె ఒంగి దాక్కుంది.

"హుజ్జా!" అంది మళ్లీ సింధుశ్రీ.

"హైసా!" ఈసారి బడంతా పలికింది.

ఇక ఆ పిల్ల ఆగలేదు. ఓడలూ, తాళ్లూ, సంబరాలూ అన్నీ చెప్పింది. "యాడ పుట్టిందో ఎవురికీ తెలీదు. మా తాత మాత్రం ఐలేసాకి చుట్టమంటాడు," అనేసరికి మేడమ్ కూడా నవ్వేశారు. ఈ ధైర్యం ఇంతకాలం యాడ దాచిపెట్టిందో అని గోడచాటున గంగాదేవి కళ్లు తుడుచుకుంది.

ఫోను మోగింది. సూపర్‌వైజరు. "యాడుండావమ్మా?"

"వస్తాండా సార్."

కొడవలి తీసుకుని నడుస్తుంటే వెనక మళ్లీ కేక వినబడింది. గంగాదేవి దాక్కోలేదు. నడిరోడ్డు మీద నిలబడి బదులు పలికింది.