కిటికీకి ఎదురుగా దండెం

సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరు బలిక్చిలో బట్టలు ఆరేయడమంటే గాలితో కుస్తీ పట్టడమే. పడమటి నుంచి ఉలాన్ గాలి లేచిందంటే సరస్సులో పడవలే ఒడ్డుకి పరిగెత్తుకొస్తాయి, ఇక నా దుప్పట్లు ఒక లెక్కా?

మా ఆయన ఎసెన్‌గుల్ ముప్ఫై ఏళ్ళు ఇక్కడి రేవులో పనిచేశారు. బరువులకి ఉక్కు తాళ్ళు బిగించి క్రేను కొక్కేనికి తగిలించడం ఆయన పని. మా వీధిలో సగం ఇళ్ళకి దండేలు వేసిపెట్టింది ఆయనే. మా ఇంట్లో మాత్రం ఆప్రికాట్ చెట్టు నుంచి బొగ్గుల కొట్టు దాకా ఒక పాత నైలాన్ తాడు. అడిగినప్పుడల్లా "వచ్చే ఆదివారం చూద్దాంలే ఉమ్సునాయ్" అనేవారు. అలాంటి ఆదివారాలు ఇరవై ఏళ్ళపాటు వచ్చాయి, పోయాయి.

పోయిన వసంతంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది గానీ నాకు అర్థమయ్యేది. ఒంటేలు మాత్రం ఆగేది కాదు. రోజుకి రెండు దుప్పట్లు, ఒక బొంత. పొద్దున్నే పంపు నుంచి నీళ్ళు మోసుకొచ్చి, నానబెట్టి, ఉతికి ఆరేసేసరికి నడుము రెండు ముక్కలయ్యేది. ఇంతా చేసి వేస్తే ఆ నైలాన్ తాడు కిందికి జారిపోయి దుప్పటి అంచు మట్టిలో పొర్లేది. మళ్ళీ ఉతుకు.

ఒకరోజు గాలికి దుప్పటి గోడ దాటి ఎగిరిపోయింది. పక్కింటి కాలిపా దాన్ని చంకన పెట్టుకొచ్చింది. ఆ మనిషి నోటికి తాళం ఎప్పుడూ లేదు.

"వదినా, నీ దుప్పటి మా ఆవుకి ముసుగేసింది! అది కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని నిలబడితే, దాని దూడే గుర్తుపట్టలేదు పో!"

నేను పగలబడి నవ్వాను. ఎన్ని నెలలకో వచ్చిన నవ్వు. లోపలికి వెళ్ళి చూస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం అన్నం ముద్ద నోట్లో పెడుతుంటే అన్నారు, "దండెం వేద్దామే."

"ఎవరు వేస్తారు?"

"చేతులు నీవి. నోరు నాది."

"కాపురం చేసినన్నాళ్ళూ అంతేగా," అన్నాను. ఒక పక్క పెదవితో నవ్వారు.

నన్ను బజారుకి పంపేముందు పాఠం చెప్పారు. నైలాన్ వద్దు, ఎండకి సాగుతుంది. ఉత్త ఇనప తీగ వద్దు, తుప్పు మరక జన్మలో పోదు. ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ కావాలి. నేను ముందు ఒక ముక్క తెచ్చి చూపించాను. ఎడమ చేత్తో పట్టుకుని, కొసని పళ్ళతో కొరికి, తొడుగు ఊడదీసి నా ముందు పారేశారు.

"లోపలంతా దారమే. ఎవడే నీకిది అంటగట్టింది?"

"వాడు ఉక్కన్నాడండీ."

"వాడు అంటాడు. నువ్వు కొరికి చూడాలి."

"నాకున్నవే నాలుగు పళ్ళు!"

రెండోసారి సరైనదే తెచ్చాను. గొడవంతా ఎక్కడ వేయాలన్న దగ్గరే వచ్చింది.

"కొట్టు వెనక వెయ్యి," అన్నారు.

"అక్కడ గంటసేపు కూడా ఎండ పడదు. బొంత రెండు రోజులైనా ఆరదు. ఇంటి ముందు వేద్దాం."

"వెనక వెయ్యమన్నానా! ముందర వేస్తే వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు."

ఆ రోజు నా వేళ్ళు సబ్బునీళ్ళకి పగిలి మండుతున్నాయి. అదొక సాకేలెండి. నోరు జారాను.

"చూస్తే చూడనివ్వండి. తడిపేది మీరు, చచ్చేది నేను. మీ సిగ్గు కోసం నేను తడి బొంతల్ని రెండేసి రోజులు కాపలా కాయాలా?"

తెల్లారి ఆయనే అన్నారు, "నువ్వన్నదే నిజం. ఎండలోనే వెయ్యి. కిటికీకి ఎదురుగా వేస్తే, పని ఎలా చేస్తున్నావో నేను చూస్తాను."

మంచాన్ని కిటికీ పక్కకి జరిపి, కిటికీ తెరిచిపెట్టాను. అక్కణ్ణుంచే రేవులో మనుషుల్ని అదిలించినట్టు అదిలించారు. గొయ్యి నడుము లోతు తవ్వాలన్నారు. సరస్సు ఒడ్డు నేల కదా, తవ్వినకొద్దీ గులకరాళ్ళే. కాలిపా కూడా పార పట్టింది. రెండు ఇనప పైపులు దించాక, నిటారుగా వద్దు, ఒకదానికొకటి ఎడంగా కాస్త బయటికి వాలాలన్నారు. తీగ లాగినప్పుడు అవే నిటారుగా వస్తాయట. చుట్టూ రాళ్ళు కూరి కాంక్రీటు పోశాం. వారం దాకా ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత తీగని కొక్కేనికి చుట్టి, మడిచి, జారకుండా ఒక్కో కొసకి రెండేసి ఇనప పట్టు బిళ్ళలు బిగించాను. రెండో వైపున్న బిగింపు మర తిప్పే కొద్దీ తీగ బిగిసింది.

"ఇప్పుడు దాన్ని పట్టుకుని వేలాడు," అన్నారు కిటికీలోంచి.

"ఏంటి అన్నా, మా వదినకి ఉరేస్తున్నావా?" అని కాలిపా అరిచింది.

కాళ్ళు ఎత్తి వేలాడాను. తీగ వేలెడు కూడా దిగలేదు. ఆ మర్నాడే ఉలాన్ వచ్చింది. రెండు దుప్పట్లు, బొంత దండెం మీద కొట్టుకున్నాయే తప్ప ఒక్కటీ ఎగరలేదు. నేను లోపలికొచ్చి ఆయన నుదురు ముద్దు పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆయనలో మార్పు కనబడింది. టీ గిన్నె కిటికీ గట్టు మీద పెట్టమన్నారు. ఎడమ చేత్తో తనే తాగుతానన్నారు. నేను పంపుకి వెళ్ళొచ్చేసరికి గిన్నె ఖాళీ. చారు గిన్నే ఖాళీ. నాలుగో రోజుకి దుప్పటి పొడిగా ఉంది. మర్నాడూ అంతే. కరాకోల్‌లో బేకరీలో పనిచేసే మా అమ్మాయి జిప్పార్‌కి ఫోన్ చేసి, "నాన్న కోలుకుంటున్నారే!" అని గంతులేసినంత పని చేశాను. దండెం మీద నా గౌన్లు, తువ్వాళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆయన పెదాలు పగిలితే ఆగస్టు ఎండ అనుకున్నాను. పగలంతా మగతగా పడుకుంటే, పోనీ హాయిగా నిద్రపడుతోంది అనుకున్నాను.

ఒక పొద్దున ఎంత పిలిచినా కళ్ళు తెరవలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది వెనక్కి పోలేదు.

"ఈయన నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందమ్మా?"

"రోజుకి ఆరు గిన్నెలు తాగుతారు," అని ఒట్టేశాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. మూత్రపిండాలు పోతున్నాయని మాత్రం చెప్పింది.

ఆయన కాగితాల కోసం ఇంటికొచ్చాను. కిటికీ బయటి రెక్కలు మూయడానికి అటువైపు వెళ్ళాను. కిటికీ కింద సున్నపు గోడ మీద గోధుమరంగు చారలు. వాటికి అంటుకుని ఎండిన టీ ఆకు. కింద చారు నూనె గడ్డకట్టిన మట్టి, దానికి మూగిన చీమలు. నేను పంపుకి వెళ్ళిన ప్రతిసారీ పారబోశారన్నమాట. పెదాలు తడుపుకునేంతే తాగారేమో.

నేనన్న మాట నా చెవుల్లోనే తిరిగింది: తడిపేది మీరు, చచ్చేది నేను.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి ఆయనకి కాస్త తెలివి వచ్చింది. చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "ఆ మాట కోపంలో అన్నానండీ. జనం చూస్తే మనకేం? సిగ్గుపడి ఇంత పని చేస్తారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. నోటి దగ్గర చెవి పెడితే వినిపించింది.

"సిగ్గు కాదే. తడి బొంత... బరువు. దండెం దాకా వెళ్ళే లోపల నువ్వు రెండుసార్లు ఆగేదానివి. కిటికీలోంచి చూశాను."

ఆ మర్నాడు మధ్యాహ్నం పోయారు.

జిప్పార్ బస్సు దిగేలోపల బ్రష్షు, బకెట్టు తీసుకుని ఆ గోడంతా కడిగేశాను. కాలిపా వచ్చి చూసింది. ఆ నోరుగలామె ఒక్క మాట అడగకుండా ఇంకో బకెట్టు నీళ్ళు తెచ్చిపెట్టింది.

మా ఆచారం ప్రకారం ఆయన్ని ఉంచడానికి వాకిట్లో గుడారం వేశారు. ఆడవాళ్ళందరం ఆనవాయితీగా గుడారం గోడకి ముఖం పెట్టి ఏడ్చాం. మట్టి చేసి మగవాళ్ళు తిరిగొచ్చాక, జిప్పార్ నా ఒళ్ళో తల పెట్టుకుని అడిగింది.

"అమ్మా, చివరి రోజుల్లో నాన్న బాగానే ఉన్నారు కదా? నువ్వే చెప్పావు. తనే గిన్నె పట్టుకుని టీ తాగుతున్నారని."

"అవునే," అన్నాను. "తనే తాగేవారు."

అది కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి నిద్రపోయింది. దాని తల కింద నా కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.