కింద ఫొటో, పైన గీత

పక్కింటి టైలరమ్మ మందుల షాపతనితో అందట. అతను ఊరుకోక పెయింటరు గారి చెవిన వేశాడు. "మీ కోడలు బొమ్మలు గీయడం లేదట. దిద్దుతోందట! అరువిచ్చిన కత్తెర అడుగుదామని వెళ్లిన టైలరమ్మ కళ్లారా చూసిందట. ట్యాబులో కింద ఫొటో పెట్టుకుని, దాని మీదుగా పెన్ను పోనిస్తోందట, ఒకటో తరగతి పిల్ల పలక మీద 'అ' దిద్దినట్టు."

టైలరమ్మ చూసినదాంట్లో అబద్ధం లేదు. ఎదురుగా కొలతకి ఆది చొక్కా లేకుండా ఆవిడ కూడా గుడ్డ మీద కత్తెర ఆడించదు. ఆ సంగతి ఆ పూటకి ఆవిడకు గుర్తు రాలేదంతే.

మరో రోజయితే ఈ కబురు వీధి మలుపు దాకా పోయి చల్లారేది. కానీ మర్నాడు పది గంటలకు లైబ్రరీ హాల్లో చిత్రకారుల సంఘం వాళ్ల ప్రదర్శన. కోడలి బొమ్మ ఒకటి అప్పటికే అక్కడ మేకుకెక్కి ఉంది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి గీస్తున్న మనిషి, నలుగురి ఎదుట గోడెక్కడం అదే మొదటిసారి. వారం రోజులుగా ఆమె కాళ్లు నేల మీద లేవు. ఆ సంఘానికి అధ్యక్షుడు ఎవరో కాదు, నలభై ఏళ్లు షాపుల బోర్డులు రాసిన మామగారు పెయింటరే.

ఆయన వెంటనే వెళ్లి బొమ్మ దించేశాడు. సంఘం లెటర్‌హెడ్ మీద నోటీసు రాసి, మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలి కంచం పక్కన పెట్టాడు. "అమ్మా, మీ బొమ్మపై ఫిర్యాదు అందినందున దానిని తాత్కాలికంగా దించడమైనది. నేడు మూడు గంటలకు కమిటీ ముందు హాజరై సంజాయిషీ ఇవ్వగలరు."

కోడలు చదివింది. మంచినీళ్లు తాగి, అదే కాగితం మీద "హాజరవుతాను" అని రాసి మామగారి గ్లాసు కింద పెట్టింది.

"ఇంట్లో నువ్వు కోడలివి. అక్కడ నువ్వెవరో, నేనెవరో. రెండూ కలపను" అన్నాడాయన.

"కలపకండి మామయ్యా. బండి మీద దింపుతారా మరి? ఇద్దరం వెళ్లేది అక్కడికే కదా."

దింపాడు.

హాల్లో కమిటీ సిద్ధంగా ఉంది. కమిటీ అంటే పెయింటరు కాక ఇద్దరే. ముప్పై ఏళ్లు బడిలో బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారు ఒకరు, ఫొటో స్టూడియో నడిపే ఆసామి ఇంకొకరు. బొమ్మ గోడ వారగా నేల మీద ఆనించి ఉంది. కుర్చీలో నిద్రపోయిన అత్తగారి బొమ్మ అది. కళ్లజోడు ముక్కు మీదకి జారింది. ఒళ్లో పుస్తకం. చదవడం ఎక్కడ ఆపిందో అక్కడ బొటనవేలు ఇరికించే ఉంది. అన్నీ కలిపి ఇరవై గీతలుండవు.

"ఎలా వేశావో చెప్పమ్మా" అన్నారు మాస్టారు.

దాచడానికేముంది? ట్యాబు తెరిచి చూపించింది. అడుగున ఫోనుతో తీసిన ఫొటో. దాన్ని మంచు పట్టిన అద్దంలా మసక చేస్తుంది. పైన ఖాళీ పొర ఒకటి పరుస్తుంది. ఆ పొర మీద గీస్తుంది. అయ్యాక ఫొటో లాగేస్తుంది, గీతలు మిగులుతాయి. వాటినే ప్రింటు తీయించి చట్రం కట్టించింది.

"అయితే గీసింది ఫొటో. నువ్వు దాని వెనకాల నడిచావు" అన్నారు మాస్టారు. "నేను పరీక్షలో ఇలాంటివాళ్ల కాగితాలు లాక్కునేవాణ్ణి."

"ఫొటో తీయడమూ పనే మాస్టారూ" అని స్టూడియో ఆసామి నొచ్చుకున్నాడు.

"ఆ ఫొటోలో కుర్చీ వెనక ఉతికిన బట్టల గుట్ట ఉంది, చూడండి. బొమ్మలో లేదు" అంది కోడలు. "దగ్గర్నుంచి తీశాను కాబట్టి ఫొటోలో ముక్కు ఉబ్బింది. నేను తగ్గించాను. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో ఫొటో చెప్పదు కదండీ."

"అదెంత పని? గీత మీద గీత, ఎవరైనా పోనిస్తారు" అన్నాడు పెయింటరు.

కోడలు పెన్ను ఆయన ముందు పెట్టింది. "పోనివ్వండి మామయ్యా. ఇదే ఫొటో, ఇదే పెన్ను, తలా అరగంట. ముగ్గురివీ అత్తయ్యలా ఉంటే నా బొమ్మ నేనే ఇంటికి మోసుకుపోతాను."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. కాదంటే భయపడినట్టుంటుంది.

ముందు పెయింటరు. నాలుక పళ్ల మధ్య బిగించి, ఊపిరి బిగపట్టి గీశాడు. చెయ్యి నలభై ఏళ్లుగా ఎటు తిరుగుతోందో అటే తిరిగింది. ప్రతి గీతా వేలంత లావు. అవతలి రోడ్డు నుంచి కూడా కనబడాలి కదా! అలవాటు కొద్దీ కుడివైపు కిందకి నీడ కూడా కొట్టాడు.

తర్వాత మాస్టారు. కాసేపు ఫొటో మీదే గీశారు. ఇంతలో ఆవిడ కూర్చున్న తీరు ఆయనకు నచ్చలేదు. వెన్ను నిటారుగా చేశారు. తల కుండలా, ముక్కు గరాటులా వచ్చాయి. బడిలో ముప్పై ఏళ్లు కుండలూ గరాటులే వేయించారు మరి. చివర్లో చెయ్యి దానంతటదే మూలకి పోయి "7/10" వేసింది.

స్టూడియో ఆసామి మాత్రం నిదానంగా, ముచ్చటగా గీశాడు. మొహం మీది ముడతలు ఒక్కటీ గీయలేదు. గడ్డం కాస్త పైకెత్తాడు. అంతా బాగానే ఉంది గానీ, కళ్లు మూసుకున్న ఫొటో బయటకి ఇవ్వడం అతని స్టూడియోలో మహాపాపం. అందుకని కళ్లు తెరిచేశాడు.

అప్పుడే అత్తగారు వచ్చింది. భర్త కళ్లజోడు ఇంట్లో మరిచిపోతే పట్టుకొచ్చింది. తన బొమ్మ దించేసిన సంగతి ఆవిడకు అక్కడికొచ్చాకే తెలిసింది.

"మంచి సమయానికొచ్చావు. మూడూ చూసి ఎలా ఉన్నావో చెప్పు" అన్నాడు పెయింటరు, కళ్లజోడు తగిలించుకుంటూ.

ఆవిడ మొదటిది చూసింది. "ఇది మీదే. టైర్ల షాపు బోర్డులా ఉన్నాను. కింద ఫోను నంబరొక్కటే తక్కువ."

రెండోది చూసింది. "ఈవిడెవరు, ఏడు మార్కులావిడ? పాపం, కూర్చోబెట్టి దండించినట్టున్నారు."

మాస్టారు దగ్గారు.

మూడోది చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "అయ్యో! నిద్దట్లో ఎవరో నెత్తిన నీళ్లు పోసినట్టు చూస్తున్నానేమిటి బాబూ? వయసు మాత్రం ఇరవయ్యేళ్లు తగ్గించావు. ఇది మా ఇంటికి పంపించు, ఉంచుకుంటాను."

కోడలికి నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. మామగారు చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

అత్తగారు గోడ వారగా ఉన్న బొమ్మ దగ్గరికి వెళ్లి వంగింది. తన కుడిచేతి బొటనవేలు ఒకసారి చూసుకుంది, మళ్లీ బొమ్మలోది చూసింది.

"ఇది నేను" అంది.

మాస్టారు ఓడిపోయే రకం కాదు. గొంతు సవరించుకున్నారు. "సరేనమ్మా, మాకు చేతకాలేదనే అనుకుందాం. అసలు ప్రశ్న వేరే ఉంది. అమ్మాయ్, మీ అత్తగారు ఎదురుగా ఉన్నారు. ట్యాబు పక్కన పెట్టు. ఫొటో ఊసు లేకుండా, ఈ తెల్లకాగితం మీద ఆవిడ మొహం వేయగలవా? వేస్తే ఈ క్షణమే మేకుకి తగిలిస్తాం."

నవ్వు ఆగిపోయింది. కోడలు కాగితం వైపు చూసింది. పెన్సిలు ముట్టుకోలేదు. అబద్ధం ఆడటానికి వీల్లేని చోట నిలబెట్టారు. ఆడే అలవాటూ ఆమెకు లేదు.

"రాదు మాస్టారూ" అంది. "ఇంట్లో చాలాసార్లు వేసి చూశాను. ఒక కన్ను పైకి పోతుంది. చెవులు ఒకదానికొకటి పొసగవు. ఫొటో లేకపోతే నాకు రాదు."

"అదీ సంగతి!" అన్నాడు పెయింటరు. అన్నాడే గానీ గొంతులో గెలిచిన జోరు లేదు. కోడలి మొహం చూడలేక కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. స్టూడియో ఆసామి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. మాస్టారు ఫిర్యాదుల పుస్తకం తెరిచి, తీర్పు రాయడానికి కలం మూత తీశారు.

అత్తగారు నడుము పట్టుకుని వంగింది. బొమ్మని రెండు చేతులా ఎత్తి, ఖాళీగా ఉన్న మేకు దగ్గరికి నడిచి, ముగ్గురి వైపూ తిరిగింది.

"ఫొటో లేకపోతే దానికి రాదు, సరే. ఫొటో పెట్టుకుని కూడా మీకు రాలేదు కదా!"