పదిహేడో మనిషి

నాంచారమ్మ గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చుని ఉంది, నాడె ఆమె చేతిలోంచి ఈ పక్కనుంచి ఆ పక్కకి జారుతోంది, పడుగులో ఒక్క దారం కూడా లేదు, అయినా గుడ్డ నేస్తూనే ఉంది, నేనేమో ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. గోడలు నిటారుగా లేవు, పైకి పోయేకొద్దీ వంగి నా తల మీద కలుసుకుంటున్నాయి, ఎవరో ఒక పెద్ద తెల్లటి గొట్టంలోకి మగ్గాన్ని దింపినట్టు, చప్పుడు ఆ వంపుకి తగిలి తిరిగొచ్చి నా పళ్ళలో మోగుతోంది. ఆమె చనిపోయి ఏడు నెలలైందని నాకు తెలుసు. వచ్చీ రాగానే ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదని కూడా తెలుసు.

"చెప్పులతోనే రా అమ్మాయ్," అంటుంది నేత ఆపకుండా. "ఇంత పొట్టిదానివనుకోలేదే. గొంతు విని తాటిచెట్టంత ఉంటావనుకున్నా."

బతికుండగా ఆమె నన్ను చూడలేదు. వేటపాలెంలో నలభై ఏళ్ళు చీరలు నేసిన అందె నాంచారమ్మ మా ప్రయోగశాలకి వచ్చేనాటికే నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయి మూడేళ్ళైంది. చూపు పోయిన ఏడాదికి ఆమెకి మనుషులు కనపడటం మొదలైంది. జానెడెత్తు ఆడవాళ్ళు, పసుపు చీరల్లో, గోడ వెంబడి వరసగా నడిచి పోయేవాళ్ళు, పలకరించినా పలికేవాళ్ళు కాదు. చూపు పోయినవాళ్ళలో కొందరికి ఇలా జరుగుతుంది, కళ్ళ నుంచి కబురు రావడం ఆగిపోయాక తల వెనక భాగంలో చూపు చూసుకునే మెదడు ఊరికే కూర్చోలేక తనే బొమ్మలు అల్లుకుంటుంది, అది పిచ్చి కాదు. ఆ మాట రుజువు చెయ్యడానికి అలాంటివాళ్ళని స్కానర్‌లో పడుకోబెట్టి, బొమ్మ కనపడగానే చేతిలో ఉన్న బటన్ నొక్కమని, ఆ క్షణాన మెదడులో ఎక్కడ రక్తం పెరుగుతోందో చూడటమే నా పని. నాంచారమ్మ నా పదిహేడో మనిషి.

"నేను కనపడుతున్నానా మామ్మగారూ?" అని అడుగుతాను.

"కనపడుతున్నావు. ఉన్నావో లేవో నువ్వే చెప్పాల."

నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది, కానీ నవ్వేలోపే మగ్గం గుంట లోతుగా ఒక గదిలాగా తెరుచుకుంటుంది, ఇద్దరం అందులో నిలబడి ఉన్నాం, చిన్న గది, మంచం, మంచినీళ్ళ చెంబు, తలుపుకి బయటినుంచి గడియ. ఇది వాళ్ళింట్లో వెనక గదని నాకు తెలుస్తుంది, నేను ఎప్పుడూ ఆ ఇంటికి వెళ్ళలేదు, అయినా గోడకున్న ఆకుపచ్చ సున్నం పెచ్చులూడిన చోటుతో సహా తెలుస్తుంది.

"ఇక్కడే పెట్టారు నన్ను," అంటుంది మంచం మీద కూర్చుంటూ. "పక్కింటోళ్ళకి నా మాటలు వినపడతన్నాయని. నాగభూషణం చెడ్డోడు కాదు, నా కొడుకు, నాకు తెలవదా? ముందు వేపమండలోడి దగ్గరికి తీసుకెళ్ళాడు, పొగ పెట్టి కొట్టించాడు, నన్ను కొడుతుంటే వాడు బయటికి పోయి ఏడ్చాడు. తర్వాత పిచ్చి డాక్టరు దగ్గరికి. ఆ డాక్టరు నన్ను ఒక్క మాటన్నా అడగలా. 'ఎవరైనా కనపడుతున్నారా' అన్నాడు, కనపడుతున్నారన్నా, బిళ్ళలు రాసేశాడు. 'వాళ్ళు నిజంగా ఉన్నారంటావా' అని అడగొచ్చుగా? లేరని నాకు తెలుసు. కనపడతన్నారనీ తెలుసు. ఈ రెండూ ఒక్కసారే నిజమంటే ఒక్కళ్ళూ ఒప్పుకోరేందమ్మాయ్?"

"నేను ఒప్పుకున్నాను కదా."

"నువ్వు నీ మిషన్ కాడ ఒప్పుకున్నావు. మా ఇంటికొచ్చి ఒప్పుకుంటానన్నావే, అదేమైంది?"

ఈ ప్రశ్న వస్తుందని గుమ్మంలో నిలబడ్డప్పటినుంచీ నాకు తెలుసు. స్కాన్ అయిన రోజు ఆమె రెండు చేతులూ పట్టుకుని, వచ్చే నెల మీ ఊరొచ్చి బొమ్మలు ముందు పెట్టి మీ అబ్బాయికి నేనే చెప్తాను అన్నాను. ఇరవై మూడు సార్లు బటన్ నొక్కిందావిడ, ఇరవై ఒక్కసార్లు ఆమె చెప్పిన క్షణానికే చూపు భాగంలో వెలుగు కనపడింది, మిగతా పదహారుమందికీ కనపడినవి గీతలూ మెరుపులే, మనుషులు కనపడిందీ, కనపడగానే ఇంత కచ్చితంగా చెప్పిందీ ఆమె ఒక్కతే. నేను ఆనందంతో గంతులేశాను. తర్వాత ఒక సదస్సు, తర్వాత యంత్రం మరమ్మతు, తర్వాత పరీక్ష పేపర్లు దిద్దడం. నాలుగు నెలలు. ఐదో నెలలో నాగభూషణం ఫోన్ చేసి, "మా అమ్మ జ్వరమొచ్చి పోయిందండీ. మీ కాడ ఆమె తలకాయ బొమ్మలేవైనా ఉంటే చించెయ్యండి, నలుగురికీ తెలిస్తే బాగోదు," అన్నాడు.

"రాలేకపోయాను," అంటాను. నా గొంతు ఎవరో పక్క గదిలో మాట్లాడుతున్నట్టు వినపడుతుంది, ఏడుపొస్తుంది, ఆ ఏడుపుకి నేల మెత్తబడి నా కాళ్ళు కొంచెం దిగబడతాయి.

"ఏడవమాక," అంటుంది కటువుగా. "నీ ఏడుపు నేనేం చేసుకోను? లే. ఆ తలుపు తియ్యి."

"బయట గడియ ఉంది."

"ఉంటే?"

తోస్తాను. గడియ ఉందో లేదో తెలియదు, తలుపు మాత్రం తెరుచుకుంటుంది, అవతల మా విభాగం సమావేశపు గది, పొడవాటి బల్ల, ఏసీ చల్లదనం, బల్ల చివర మా విభాగాధిపతి చలపతి గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నారు, పోయిన సోమవారం కూర్చున్నట్టే, అదే గళ్ళ చొక్కాలో, నా వ్యాసం ముందు పెట్టుకుని. నాంచారమ్మ నాకంటే ముందు లోపలికి నడిచి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంటుంది. ఆయనకి ఆమె కనపడటం లేదు.

"చూడు హైమా," అంటారాయన, సోమవారం అన్న మాటలే, అదే మెత్తదనంతో, "పదిహేడో కేసు తీసెయ్. ఆవిడ మానసిక వైద్యం మందులు వాడుతోంది. ఆ బిళ్ళలే బొమ్మలు చూపించాయేమో అని ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్? పదహారుమందితో వ్యాసం శుభ్రంగా ఉంటుంది. శుక్రవారం పంపించెయ్."

సోమవారం నేను "సరే సర్" అన్నాను. ఇప్పుడు ఆ మాట నా నోట్లోనే ఉంది, నాలుక మీద చేదుగా.

"ఇదేంది?" అంటుంది నాంచారమ్మ బల్ల మీదికి వంగి. "ముందు పిచ్చిదన్నారు. పిచ్చిదని బిళ్ళలిచ్చారు. ఇప్పుడు బిళ్ళలు మింగింది గనక పిచ్చిది కాదని చెప్పే కాగితం చెల్లదంటన్నారు. నా గది తలుపుకి గడియ పెట్టింది చాలక నీ కాగితానికి కూడా పెడతారా? ఏమయ్యా, నిన్నే!"

చలపతి గారు కళ్ళద్దాలు తుడుస్తూనే ఉంటారు. ఆమె నా వైపు తిరుగుతుంది. ఆ కళ్ళు బతికున్నప్పటిలాగే తెల్లగా ఉన్నాయి, అయినా సూటిగా నా మొహం మీదే ఆగుతాయి.

"ఆయనకి నేను వినపడను. నువ్వు చెప్పు. ఆ సంగతి చెప్పు."

ఆ సంగతి ఏమిటో మా ఇద్దరికే తెలుసు. స్కాన్‌కి ముందు పరికరాలు సర్దుతుంటే ఆమె నా చెవి దగ్గరికి వంగి, నెల రోజులుగా బిళ్ళలు మింగటం లేదనీ, కోడలు నోట్లో వేస్తే నాలుక కింద దాచి, ఆమె వెళ్ళాక ఉమ్మేసి గోడ పెచ్చుల్లో కుక్కుతున్నాననీ, మింగితే చేతులు వణికి ముద్ద కూడా నోటికి అందదనీ చెప్పింది. అబ్బాయికి చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మందు మానేసిన రోగిని, ఆ మాట తెలిసి కూడా, ఆమె డాక్టరుకి ఒక్క ముక్క చెప్పకుండా ప్రయోగంలో పడుకోబెట్టాను. అది బయటపడితే ప్రయోగాల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం నన్ను పిలుస్తుంది, ప్రాజెక్టు ఆపుతారు, ఉద్యోగం కూడా పోవచ్చు. ఆమె పోయాక ఈ ఏడు నెలలూ నేను నిలబెట్టుకున్నది ఆమెకి వేసిన ఒట్టు అనే చెప్పుకున్నాను.

"చెప్పొద్దన్నారు కదా మీరు," అంటాను.

"బతికున్నప్పుడు అన్నా. తెలిస్తే నోరు తెరిపించి మరీ మింగిస్తారని అన్నా. ఇప్పుడు ఎవడు మింగిస్తాడు నాకు? నా పేరు చెప్పి నీ భయాన్ని దాచుకోమాక అమ్మాయ్."

గది చిన్నదవుతోంది. బల్ల పొట్టిదై మంచమంత అవుతుంది, చలపతి గారి చొక్కా గళ్ళు గోడల మీదికి పాకుతాయి, మగ్గం చప్పుడు మళ్ళీ మొదలై ఇంకా వేగంగా, ఎవరో పంతం పట్టి నేస్తున్నట్టు వినపడుతుంది. కోపం వస్తుంది నాకు, ఆమె మీద, ఆయన మీద, అన్నిటికంటే ఎక్కువ నా మీద, ఆ కోపానికి వెన్ను నిటారవుతుంది, కాళ్ళ కింద నేల గట్టిపడుతుంది.

"పేరు రాయకూడదు మామ్మగారూ," అంటాను. "అది మాత్రం నియమం. నేను రాసినా మీరు పదిహేడో మనిషిగానే ఉంటారు."

"అంకెనే ఉంచు. నాకు పేరు మోజు లేదు. ఒక ముసలిది ఉంది, కళ్ళు లేవు, మనుషులు కనపడ్డారు, పిచ్చి లేదు. ఇంతే రాయి. నాలాంటిది ఇంకోతి యాడన్నా గడియ పెట్టిన గదిలో ఉంటే, దాని కొడుకెవడన్నా చదువుతాడు."

"నాగభూషణం గారికి?"

"వాడికి నువ్వు ఎదురుగా కూర్చుని చెప్పాల. కాగితం పంపిస్తే కాదు. వాడు అరుస్తాడు. అరవనియ్యి. నువ్వు లేవమాక."

చలపతి గారు చెయ్యి చాపుతారు, ఆ చెయ్యి బల్ల పొడవునా సాగి వచ్చి నా వ్యాసంలో పదిహేడో వరస మీద వేలు పెడుతుంది. "తీసెయ్ హైమా. ఒక్క మనిషేగా."

ఒక్క మనిషే. ఈసారి నాంచారమ్మ నా కోసం మాట్లాడదని అర్థమవుతుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గడ్డం పైకెత్తి, నేనేమంటానో వినడానికి చెవి ఇటు తిప్పి కూర్చుంది, కళ్ళున్న మనిషి చూసే దానికంటే శ్రద్ధగా. నేను ఆయన వేలి మీద నా అరచెయ్యి పెట్టి, వరస కనపడకుండా కప్పేసి, నా జీవితంలో ఆయనతో ఎన్నడూ మాట్లాడనంత గట్టిగా అంటాను.

"తియ్యను."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుంటారు. మొదటిసారి ఆయనకి నేను కనపడినట్టుంది.

"తియ్యను సర్. ఎందుకో కూడా రాస్తాను."

చప్పుడు ఠక్కున ఆగిపోతుంది.

కళ్ళు తెరిస్తే మొహానికి జానెడు దూరంలో తెల్లటి ప్లాస్టిక్, చెవుల్లో దూది, చేతులు చల్లబడి ఉన్నాయి. పొద్దున పదకొండింటికి, కొత్తగా వచ్చిన తల తొడుగు పరీక్షించడానికి ఎవరో ఒకరు లోపల పడుకోవాలంటే నేనే పడుకుంటానని స్కానర్‌లోకి దూరిన సంగతి మెల్లగా గుర్తొస్తుంది. బల్ల బయటికి జరుగుతుంది. పైకప్పు లైటు కళ్ళలో పడుతుంది. యంత్రం నడిపే ఖాసిం నా తల దగ్గర నిలబడి ఉన్నాడు, తొడుగు కొక్కెం మీద రెండు వేళ్ళు పెట్టి, విప్పకుండా అలాగే ఆగిపోయి.

"ఏమైంది ఖాసిం?"

"ఏం లేదు మేడమ్. చివర్లో యంత్రం ఆగుతుండగా మైకులో మీ మాట వినపడింది. 'తియ్యను' అన్నారు, రెండుసార్లు, బాగా కోపంగా." ఇబ్బందిగా నవ్వుతాడు. "ఇది తియ్యొద్దంటున్నారేమో అని ఆగాను."

"ఇది తీసెయ్," అంటాను. "నేనన్నది వేరే. చలపతి గారు గదిలో ఉన్నారేమో కాస్త ఫోన్ చేసి కనుక్కుంటావా?"