స్టేషను వైపు గది

హోటలు ఎంచుకునే దగ్గర ఇంత రభస అవుతుందని కనకరత్నం అనుకోలేదు.

చెన్నైలో పెద్ద కంటి ఆస్పత్రిలో అపాయింట్‌మెంటు దొరికిందని తెలియగానే కూతురు భావన తాడేపల్లిగూడెం నుంచి కలిదిండి వచ్చి, ఫోను తెరిచి తండ్రి పక్కన కూర్చుంది. శ్రీరంగనాయకులుకి రెండేళ్లుగా చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తోంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుందనేవాడు. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు ఏలూరు డాక్టరుగారు. చుక్కల మందు వేసుకుంటూనే ఉన్నా ఆ గొట్టం సన్నబడటం ఆగలేదు. వేసవిలో రెండుసార్లు చేపల చెరువు గట్టు మీంచి జారి నీళ్లలో పడ్డాడు.

"ఆస్పత్రి సందులోనే ఒక లాడ్జి ఉంది నాన్నా. దిగితే నాలుగడుగులు" అంది భావన.

"ఎన్నంతస్తులు?"

"రెండే."

"వద్దు. ఎత్తుగా ఉండేది చూడు. పెద్ద స్టేషనుకి ఎదురుగా ఏమన్నా ఉందేమో."

భావన వెతికింది. సెంట్రల్ స్టేషను ఎదుట పద్నాలుగంతస్తుల హోటలొకటి ఉంది. ఆస్పత్రికి అక్కణ్ణించి ఆటోలో ముప్పావుగంట.

"ఏవండీ, కళ్లు చూపించుకోడానికి వెళ్తన్నామా, మేడలెక్కడానికా?" కనకరత్నం కసిరింది. "ఆ లిఫ్టంటే నాకు భయం. చంటిపిల్లాడిలా ఏంటీ పంతం?"

అడిగిందానికల్లా సర్దుకుపోయే మనిషి, ఆ ఒక్క విషయంలో మాత్రం బిగుసుకుని కూర్చున్నాడు. చివరికి భావనే, "పోన్లే అమ్మా, తెల్లారగట్ట దిగుతారు కదా, స్టేషను దగ్గరైతే స్నానాలూ అవీ తేలిక" అని సర్దిచెప్పి గది తీసుకుంది.

తెల్లవారుజామున బండి దిగి రోడ్డు దాటారు. భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని లిఫ్టెక్కింది కనకరత్నం. వాళ్లకిచ్చిన గది తొమ్మిదో అంతస్తులో వెనకవైపుంది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, దాని మీద నల్లగా నాచు పట్టిన గొట్టాలు.

"ఏం అవుపిస్తంది?" అనడిగాడు.

"గోడ" అంది. ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు.

ఆస్పత్రిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిప్పారు. కళ్లలో చుక్కలేశారు, గడ్డం యంత్రానికి ఆనించి లైట్లు కొట్టారు. డాక్టరమ్మ చెప్పిందంతా తెలుగు తెలిసిన నర్సొకామె మెల్లగా విడమరిచింది. పోయిన చూపు తిరిగి రాదు. కుడికంట్లో ఏమీ లేదు. ఎడమకంట్లో వెలుగూ నీడా మాత్రం తెలుస్తున్నాయి. ఆపరేషన్ చేసినా లాభం ఉండదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయనే ధైర్యం చెప్పాడు. "చుక్కలేశాక ఎవరికి మాత్రం అవుపిస్తదే? ఆ గదేమో చీకటి. రేపటికి తేటపడుద్దిలే."

కనకరత్నం ఆ మాటని గట్టిగా పట్టుకుంది. నర్సు చెప్పినది మర్చిపోవడానికి ఆమెకి ఏదో ఒక ఆసరా కావాలి.

ఇడ్లీ తిన్నాక ఆమె మళ్లీ అడిగింది. "ఇప్పుడైనా చెప్పండి. ఈ హోటలే ఎందుకన్నారు?"

ఆయన వేళ్లు నొక్కుకున్నాడు. "దగ్గరవి ముక్కలు ముక్కలుగా పడుతున్నాయే కంట్లో. నీ మొహం చూడాలంటే ముక్కు ఒకసారి, చెవి ఒకసారి. అదే దూరంగా ఉందనుకో, చిన్నదైపోయి మొత్తం ఒకేసారి ఆ కన్నంలో పడుద్ది. కొల్లేటి కాడ అంతా చదునే కదా, ఎక్కడెక్కి చూస్తాం? బాగా ఎత్తు నుంచైతే స్టేషనూ, జనం, బళ్లూ అన్నీ ఒక్కసారి చూడొచ్చని. బోలెడంత మందిని. అంతే."

కనకరత్నం కొంగు బిగించి, ఒక్కతీ లిఫ్టెక్కి కిందికి పోయింది. కౌంటరు దగ్గరున్న అబ్బాయికి తెలుగు అంతంతమాత్రం. కళ్లు చూపించి, పైకి చూపించి, స్టేషను వైపు చూపించి చెప్పింది. చేతులు జోడించింది. అన్నీ నిండిపోయాయన్నవాడు చివరికి మేనేజరుతో మాట్లాడి, పొద్దున్నే పద్నాలుగో అంతస్తులో ఒకటి ఖాళీ అవుతుందన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి గది మారారు. శ్రీరంగనాయకులు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. కనకరత్నం కుర్చీని కిటికీ దగ్గరికి లాగి, ఆయన్ని కూర్చోబెట్టి, మందపాటి పరదాని పక్కకి జరిపింది. వెలుతురు భళ్లున గదిలోకొచ్చింది.

ఆయన మెడ చాచాడు. మొహం వికసించింది.

"అబ్బో! ఎంతమందే! చీమల బారులా లేరూ? అదుగో, బండి కదుల్తంది."

కనకరత్నం తల తిప్పి చూసింది. మందపాటి పరదా వెనకాల తెల్లటి పల్చటి పరదా ఇంకోటి ఉంది. అది కిటికీ నిండా మూసే ఉంది. దాంట్లోంచి ఆమెకే బయటిదేమీ కనపడటం లేదు, తెల్లటి వెలుగు తప్ప.

ఆమె చప్పుడవకుండా ఆ పరదాని కూడా జరిపింది. కింద ఎర్రటి స్టేషను, గడియారం బురుజు, రోడ్డు నిండా జనం. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"అవునండీ" అంది. "ఎర్రచొక్కాల కూలీలు సామాన్లు మోస్తన్నారు. ఒకావిడ పసుపు చీర కట్టుకుని పిల్లని చంకనేసుకుని పరిగెడతంది. నాలుగు బస్సులు ఒకదానెనకొకటి..."

మధ్యలో ఆమె ముక్కు ఎగబీల్చింది. ఆయన తల దించుకున్నాడు.

"నాకేం అవుపించట్లేదే రత్నం."

"ఎప్పట్నించండీ?"

"దసరా వెళ్లిన కాణ్ణించి. భావనకి చెప్తే బెంగెట్టుకుంటదని ఊరుకున్నా. ఇక్కడికొస్తే కంట్లో ఏదన్నా పడుద్దేమో అనుకున్నా. ఇంతెత్తు నుంచైతే..."

ఆమె నేల మీద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించింది. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె జుట్టు మీద ఆగింది. అంతెత్తుకి కింది చప్పుడేదీ రావడం లేదు. ఏసీ హోరు మాత్రం వినబడుతోంది.

సాయంత్రం బండికి బయల్దేరి, మర్నాడు ఇల్లు చేరారు. అక్కడ ఎదురుచూస్తున్న భావనకి ఆయనే చెప్పాడు, చుట్టూ తిప్పకుండా. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని ఏడ్చింది. చెరువులు చూసే పని అల్లుడు వంశీకి అప్పగించారు. సార్వా వరి కోతలయ్యేసరికి ఎడమకంట్లో వెలుగూ నీడా కూడా పోయాయి. పగలో రాత్రో తెలియక, ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం "ఇంకా తెల్లారలేదేంటే?" అని అడుగుతాడు. ఉన్నమాట చెప్పడానికి కనకరత్నానికి ప్రతిసారీ కాస్త సమయం పడుతుంది.