మళ్ళీ అదే పేజీ

మౌసును రెండోసారి నొక్కేసరికి నారింజరంగు పేజీ తెరనిండా పరుచుకుంది. పైన పేకముక్కలు, పక్కన నిమిషంలో అప్పిస్తామనే ప్రకటన, కింద తడిసిన చీరలో నవ్వుతున్న అమ్మాయి. ఆసుపత్రి పేజీ ఇవాళ కూడా రాలేదు. రెబెక్కా మానిటర్‌ను గోడవైపు తిప్పి, మూలనున్న మూడు చుక్కల మీద నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్ళింది. బ్రౌజర్ తెరవగానే ఏ పేజీ రావాలో రాసే చోట నిన్న తను పెట్టిన చిరునామా లేదు. నోరు తిరగని పేరేదో వచ్చి కూర్చుంది. దాన్ని చెరిపి, ఆసుపత్రి చిరునామాను చూపుడువేలితో ఒక్కో అక్షరమే కొట్టింది. మధ్యలో చుక్కలు సరిగ్గా పడ్డాయో లేదో కళ్ళజోడు పైకెత్తి చూసుకుంది. ఇల్లు బొమ్మ మీద నొక్కితే ఈసారి లేతనీలం పేజీ వచ్చింది, రోగి పేరు అడిగే తెల్లటి గడితో సహా.

దాన్ని మూసి మళ్ళీ తెరిచి చూద్దామని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. వచ్చిన పేజీని చేతులారా మూసుకునేంత తీరిక ఆ కౌంటర్లో ఉండదు. సాయంత్రం అన్నీ ఆపి ఇంటికి వెళ్ళేదాకా అది బుద్ధిగా ఉంటుంది. పొద్దున వచ్చేసరికి మళ్ళీ నారింజరంగు. కొత్త సంవత్సరం వచ్చినప్పటినుంచి ఇదే తంతు.

"పొద్దున్నే పేకాటా అమ్మా?" అంది కిటికీ అవతల నిలబడ్డ తలుపులమ్మ. ఉప్పాడ దగ్గర చేపలమ్ముకునే మనిషి. కుడికంటికి ఇవాళ ఆపరేషన్. "నాకు పనిచేసేది ఒక్క కన్నేనండి. దానికి కూడా ఆ పిల్ల చీర తడిసిందని తెలిసిపోతంది."

వరసలో నవ్వులు లేచాయి. రెబెక్కా మొహం కందిపోయింది. తలొంచుకుని, పేరు చెప్పమంది.

సామర్లకోట నుంచి పెద్దాపురం వెళ్ళే రోడ్డు మీద, ఒక ట్రస్టు వాళ్ళ చిన్న కంటి ఆసుపత్రి అది. రెబెక్కా ఆ కిటికీ వెనక కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు ఆమె జడ నడుము దాటి ఉండేది. ఇప్పుడది చిటికెనవేలంత సన్నబడి, మెడ దగ్గరే చుట్ట చుట్టుకుంది. నూలుచీర కుచ్చిళ్ళు పొద్దున ఎలా పెట్టుకుందో సాయంత్రానికీ అలాగే ఉంటాయి. కుర్చీలోంచి లేచేటప్పుడు మాత్రం రెండు చేతులూ బల్లకు ఆనించి, మోకాళ్ళను కాసేపు బతిమాలాలి. భర్త విజయ్ పాల్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేస్తూ గుండెనొప్పితో పోయాడు. పిల్లలు లేరు. దినాలు కాగానే ఆమె మళ్ళీ కౌంటర్లోకి వచ్చి కూర్చుంది. ఎవరు ఏమడిగినా, ఇంట్లో ఏముందండి, ఇక్కడైతే పదిమంది పలకరిస్తారు అనేది.

మీ పేరేంటండి, ఏ ఊరండి, వెంట ఎవరొచ్చారండి. రోజంతా ఆమె అడిగేది ఈ మూడు మాటలే. చాలా రోజులు ఆమె నోట్లోంచి వచ్చే మాటలు కూడా ఇవే. అయినా జవాబుల్లో ఎవరి కష్టం వాళ్ళు ఇంత చెప్పి పోతారు. కోడలు అన్నం పెట్టడం లేదని ఒకామె, వలలో చిల్లు కనబడక చేపలన్నీ జారిపోతున్నాయని ఒకాయన. అవన్నీ కంప్యూటర్లో రాయడానికి గడులు లేవు. ఆమె వింటుంది, అంతే.

ఆ కిటికీ ఇప్పుడు చేజారేలా ఉంది. పోయిన వారం ట్రస్టు పెద్దలతో వచ్చిన పాస్టరుగారు సరిగ్గా నారింజరంగు పేజీ తెరుచుకున్న క్షణంలోనే కౌంటరు దగ్గర ఆగి, ఏమ్మా బాగున్నావా అని లోపలికి తొంగిచూశారు. ఆయన ఏమీ అనలేదు. మేనేజరు శాంతికుమార్ మాత్రం ఆ సాయంత్రం పిలిచి కూర్చోబెట్టాడు. తెల్ల చొక్కా నలగని కుర్రవాడు, ఆమెకు పిల్లలుంటే ఆ వయసు వాళ్ళే. "ఇది కంటి ఆసుపత్రండి మేడమ్, పేకాట క్లబ్బు కాదు" అన్నాడు నెమ్మదిగా. మీ చేతకాకపోతే చెప్పండి, కొత్తమ్మాయిని కూర్చోబెడదాం, మీరు పైన మందుల స్టోరు చూసుకుందురుగాని అన్నాడు. స్టోరుకు కిటికీ లేదు. డబ్బాలకు పేర్లూ ఊళ్ళూ లేవు.

అప్పటినుంచి ఎవరు చేస్తున్నారో పట్టుకోవాలని ఆమె పంతం పట్టింది. తను ఆపి వెళ్ళిన తర్వాతే మారుతోంది కాబట్టి రాత్రి ఎవరో ముట్టుకుంటున్నారు. రాత్రి ఈ గది తాళం ఉండేది వాచ్‌మన్ అమ్మిరాజు ఒక్కడి దగ్గరే. నిన్న శాంతికుమార్ మళ్ళీ అడిగితే ఆమె పేరు చెప్పలేదు. "రాత్రిళ్ళు ఇక్కడ పడుకునేది ఆయనొక్కరే కదండి" అంది. అంతకుమించి అనలేదు కాబట్టి అన్యాయమేమీ చేయలేదని ఇంటికి వెళ్ళేదారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

తలుపులమ్మ చీటీ ప్రింటరులోంచి వస్తుండగా, పక్కతలుపు దగ్గర అమ్మిరాజు నిలబడి ఉన్నాడు. అప్పుడే స్నానం చేసినట్టున్నాడు. నెరిసిన జుట్టు తలకు అంటుకుపోయి ఉంది. లుంగీ, భుజం మీద తువ్వాలు. మేనేజరు గదిలోంచే వచ్చాడని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు అంచు నలుపుతున్నాడని ఆమె గమనించింది.

"అమ్మగారూ, నన్ను రావద్దన్నారండి" అన్నాడు.

రెబెక్కా కీబోర్డు వంక చూసింది.

"ఆ పెట్టె ఎలా వెలిగించాలో కూడా నాకు తెలీదండి. దుమ్ము పడతాదని తువ్వాలు కప్పేవోణ్ణి. అంతేనండి."

పట్టుబడ్డవాళ్ళు అనే మాటే ఇది అనుకుంది ఆమె. పేషెంట్లున్నారు అమ్మిరాజుగారూ, తర్వాత మాట్లాడుకుందాం అని పైకి అంది. ఆయన సరేనండి అని, నీళ్ళ ట్యాంకు పక్కనున్న తన గదిలో సామాను సర్దుకోవడానికి మేడమెట్లెక్కాడు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి ఎక్కడం కిటికీలోంచి కనబడింది.

వరస కాస్త పలచబడ్డాక, ఆమె తెరమీద మూలనున్న చిన్న పావురం బొమ్మ మీద నొక్కింది. ఆ రోజు వాగ్దానం వచ్చింది. డిసెంబరు ముప్పైఒకటి రాత్రి చర్చి ఆరాధనలో బుట్టలోంచి, బైబిలు మాట ఒకటి రాసున్న వాగ్దానం కార్డు తీసుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అలవాటు. ఈసారి జ్వరంతో గుడికి వెళ్ళలేకపోయింది. ఏడాదంతా ఏ మాట పట్టుకుని నడవాలో తెలియక దిగులుపడుతుంటే, సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పంపారు. ఒక్క కార్డేంటి, రోజుకొక వాగ్దానం మీ కంప్యూటర్లోకే అని. ఆమె అన్నిటికీ ఒప్పుకుంటున్నానని నొక్కుతూ పోయింది. పావురం వచ్చి వాలింది. ఇప్పుడు రోజూ ఆ మాటను డాక్టర్ల వేళలు రాసే బోర్డు కింద నీలి మార్కరుతో రాస్తుంది.

"ఇవాళేం రాశారమ్మా?" అంది బల్లమీద కూర్చున్న తలుపులమ్మ. రెబెక్కా చదివి వినిపించింది. భయపడవద్దని చెప్పే మాట. మీకు మా దేవుడి మాటలు పరవాలేదా అని అడిగితే, తలుపులమ్మ కంటికి కట్టిన దూది సర్దుకుంటూ, "కంట్లో సూది దిగేటప్పుడు ఎవరు పలికితే వాళ్ళేనండి" అంది. వాళ్ళబ్బాయి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ పాత బ్యాటరీ రెండుసార్లు కూసి చచ్చిపోయింది. తెర నల్లబడింది. కరెంటు వచ్చాక రెబెక్కా మిషన్ ఆన్ చేసి బ్రౌజర్ తెరిచింది.

నారింజరంగు పేజీ తెరుచుకుంది. పేకముక్కలు, అప్పు, తడిసిన చీర.

ఆమె చేతులు బల్లమీద పెట్టుకుని దాన్ని చూస్తూ ఉండిపోయింది. పొద్దున తనే మార్చింది. అప్పటినుంచి బోర్డు మీద రాయడానికి తప్ప కుర్చీలోంచి లేవలేదు. ఈ గదిలోకి ఎవరూ రాలేదు.

ఇప్పుడే మేనేజరు దగ్గరికి వెళ్ళాలని ఆమెకు తెలుసు. మరి ఏమని చెప్పాలి? అమ్మిరాజు కాదండి అంటే, మరెవరని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక వెళ్దామనుకుంది. కాకినాడలో కంప్యూటర్లు బాగుచేసే ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను ఎటో బండి మీద వెళుతూ, రోడ్డు పక్కన ఆపి మాట్లాడాడు.

మళ్ళీ మూడు చుక్కలు నొక్కమన్నాడు. ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది, బ్రౌజర్‌కు బయటినుంచి తగిలించుకున్నవి, అందులో ఉన్నవన్నీ చదవమన్నాడు. ఆమె చదివింది. తెలుగు టైపింగుది ఒకటి, ప్రింటరుది ఒకటి, పావురం బొమ్మది ఒకటి.

"పేజీ మార్చేది ఆ పావురమేనండి. తీసెయ్యండి" అన్నాడు.

"అది దేవుని వాక్యమండి."

"వాక్యం దేవుడిదేనండి. పంపేవాడు వేరు."

ఆమె ఫోన్ పెట్టేసింది గాని, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. వాక్యాన్ని చెత్తబుట్టలో వేయడమేంటి? ముందు తెలుగు టైపింగుది తీసి చూసింది. బ్రౌజర్ మూసి తెరిస్తే నారింజరంగు. ప్రింటరుది తీసింది. నారింజరంగు. మధ్యలో ముగ్గురొచ్చారు. ముగ్గురి ఊళ్ళూ తప్పు కొట్టి మళ్ళీ దిద్దింది. ఒకాయన విసుక్కుని, త్వరగా కానివ్వండమ్మా, రైలుందన్నాడు. ఆమె చిరునామా మార్చింది, మూసింది, తెరిచింది. పేజీ ఉంచి పావురాన్ని కూడా ఉంచుకునే దారేదో ఉంటుందని, దానికి లంచమిస్తున్నట్టు ప్రతి మీటా నొక్కింది. మెట్లమీద ఎవరో దిగిన చప్పుడు వినబడింది. ఇది తేలాక పలకరిద్దాం అనుకుంది. తెచ్చుకున్న డబ్బాలో అన్నం చల్లారిపోయింది.

ఎండ కిటికీ దాటి నేలమీదికి దిగిన తర్వాత, ఆమె కళ్ళు మూసుకుని, తప్పయితే క్షమించు తండ్రీ అని, పావురాన్ని తీసేసింది. చిరునామా మళ్ళీ కొట్టింది. మూసి తెరిచింది. లేతనీలం పేజీ వచ్చింది. మళ్ళీ మూసి తెరిచింది. మిషన్ ఆపేసి మళ్ళీ పెట్టింది. రోగి పేరు అడిగే తెల్లటి గడి ప్రతిసారీ వచ్చింది.

ఆమె మోకాళ్ళను బతిమాలకుండానే లేచి శాంతికుమార్ గదికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది నేనే పెట్టుకున్నదండి. అమ్మిరాజుగారికి ఏ సంబంధం లేదు" అంది. వాట్సాప్ లింకు, జ్వరం, కార్డు, అంతా చెప్పింది. కావాలంటే రేపే స్టోరులోకి వెళతాను, ఆయన్ని ఉండనివ్వండి అంది.

అతను పెన్ను మూత పెడుతూ విన్నాడు. "ఇప్పుడు పేజీ సరిగ్గా వస్తుందాండి?"

"వస్తుందండి."

"మరింకేంటండి. మీ సీట్లో మీరుండండి." కొత్త వాచ్‌మన్ సాయంత్రం చేరుతున్నాడని, ఈయనకు ఎటూ వయసైపోయిందని అన్నాడు. అమ్మిరాజు ఇందాకే వెళ్ళిపోయాడండి అన్నాడు.

ఫోన్ చేద్దామంటే అమ్మిరాజు దగ్గరున్నది ఆసుపత్రి ఫోనే. దాన్ని మేనేజరు బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఇల్లెక్కడో శాంతికుమార్‌కు తెలియదు. పెద్దాపురం అవతల ఏదో ఊరని ఆయాలన్నారు. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ళు రెబెక్కా వంక చూశారు, అందరి ఊళ్ళూ అడిగేది ఆమే కదా అన్నట్టు. ఆయన ఈ ఆసుపత్రిలో ఎప్పుడు చేరాడో, అప్పుడు ఏం మాట్లాడుకున్నారో గుర్తు తెచ్చుకోవాలని ఆమె ప్రయత్నించింది. నమస్కారం అమ్మగారూ, తాళాలు ఇవిగోనండి. అంతకుమించి గుర్తు రాలేదు.

ఆమె మేడమెట్లెక్కింది. గది తలుపు చేరవేసి ఉంది. లోపల ఊడ్చిన నేల, చాప చుట్టి నిలబెట్టిన గుర్తు. మనిషి లేడు, సామాను లేదు. ఎక్కడో స్టేషనులో రైలు కూసింది. ట్యాంకు చాటున కట్టిన తీగమీద, ఆసుపత్రి పేరు కుట్టిన ఖాకీ చొక్కా ఉతికి ఆరేసి ఉంది. గుండీలన్నీ పెట్టి, భుజాల దగ్గర ముడతలు సాగదీసి, గాలికి ఎగిరిపోకుండా రెండు క్లిప్పులు బిగించి ఉన్నాయి. చేతుల అంచుల నుంచి నీళ్ళు ఇంకా ఒక్కో చుక్కే కారుతున్నాయి.