నూకయ్య ఎవరు?

అయినా ఆ పేరు మార్చడం ఎంతసేపు పని, నాన్న పేరు తీసేసి ప్రవల్లిక అని కొట్టుకుంటే అయిపోయేది, సముద్రం మీద చేపల వేటకి పోతే తడిసిపోతుందని ఆయన నాకు వదిలేసిన ఫోను, అందులో ఆయన పేరే ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను, ఇప్పుడు టెక్కలి కాలేజీ తరగతిలో త్రినాథరావు సార్ నూకయ్య ఎవరు అని రెండోసారి అడుగుతున్నారు, ఆన్‌లైన్ క్లాసుల్లో జవాబులన్నీ రాసిన నూకయ్య ఇక్కడుంటే లేవాలి, లేకపోతే ఎవరో బయటివాళ్ళ రాతే అనుకుని ఆ మార్కులు కొట్టేస్తాను అంటున్నారు, వెనక నుంచి జెస్సీ పెన్నుతో నా వీపు పొడిచి ఏటే, నూకయ్య బావ ఈయేళా రానేదేటి అని నవ్వుతోంది, ఆ నూకయ్య నేనేనని దానికీ తెలియదు.

సగం రోజులు ఈ గది, సగం రోజులు ఫోను, అలా ఉండబట్టే కదా నా చదువు నిలిచింది, ఫోను రోజుల్లో పలాస ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుంటాను, డయాలసిస్ మిషను కూత క్లాసులో వినబడకుండా మైకు మూసేస్తాను, పలచటి పొర దేన్ని పోనిస్తుంది, దేన్ని ఆపుతుంది అని సార్ అడిగిన రోజు అమ్మ రక్తం తిరిగే గొట్టాలకేసి చూస్తూనే టైపు చేశాను, శెభాష్ నూకయ్యా అన్నారు సార్, అమ్మ కళ్ళు తెరిచి ఫోనుకేసి చూపిస్తూ ఆలు మాటాడితే నీకు ఇనబడతాది గదా, మరి నువ్వు మాటాడితే ఆలకి ఇనబడదేటే అంది, నేను తరువాతి జవాబు టైపు చేసుకుంటూ పోయాను.

బల్ల కిర్రుమంది, లేచింది నేనే, నేను అందామనుకుంటే ఇంట్లో మాటే వచ్చేసింది, నానే సారూ, నూకయ్య మా అయ్య, పేరు ఆయనది, సదువు నాది, గది గొల్లుమంది, ఓలమ్మా, నూకయ్య బావ ఆడపిల్లేటే అంది జెస్సీ, సార్ కళ్ళజోడు సర్దుకుని నువ్వా ప్రవల్లికా, అయితే ఆ పొర సంగతి మాకూ చెప్పు అని సుద్దముక్క చాపారు, గీశాను, గొట్టం, పొర, అటు మలినం, ఇటు నీరు, చెబుతూ చెబుతూ వెనక్కి తిరిగేసరికి నవ్వు లేదు, అందరూ రాసుకుంటున్నారు, జెస్సీ కూడా, నెమ్మదిగా చెప్పే అంటోంది, సార్ నా పేరు ఎదురుగా మార్కులు వేస్తున్నారు, రేపు పలాసలో మిషను కూస్తే కూయనీ, మైకు తెరిచే ఉంచుతాను, ఇనబడతాదమ్మా, ఆలకి నా మాట ఇనబడతాది.